నోటిమాటతో హక్కు పోదు, డబ్బు పోతుంది

ఉద్యోగం లేకుండా రాతనే నమ్ముకుని బతికేవారు తెలుగునాట తక్కువేమీ కాదు. వారపత్రికకు కథ, ఆదివారం అనుబంధానికి వ్యాసం, ప్రచురణ సంస్థకు పేజీకింత అని అనువాదం, టీవీ చానెల్‌కు ఎపిసోడ్‌కింత అని స్క్రిప్టు, ఎన్నికలొస్తే అభ్యర్థి కరపత్రం, మధ్యలో ఎవరో పెద్దమనిషి ఆత్మకథ. ఒక నెల చేతినిండా పని ఉంటుంది, మరో నెల ఫోనే మోగదు. ఈ ఎగుడుదిగుడులను ఏ చట్టమూ సరిచేయలేదు. కానీ పని చేశాక రావాల్సిన సొమ్ము రాకపోతే ఏం చేయాలి, రాసింది ఇంకెవరి పేరుతోనో ఇంకెక్కడో కనిపిస్తే ఏం చేయాలి అన్నవాటి మీద చట్టం చెప్పేది చాలానే ఉంది. చిక్కెక్కడంటే, చట్టం ఇప్పటికే కాపాడుతున్న చోట రచయితలు అతిజాగ్రత్త పడతారు, తాము జాగ్రత్తపడితే తప్ప చట్టం ఆదుకోలేని చోట మొహమాటపడతారు. కాగితం లేకుండా రచన ఇచ్చేస్తే కాపీరైట్ ఎక్కడికీ పోదు. కాగితం లేకుండా పని చేస్తే మాత్రం పారితోషికం గోవిందా అనుకునే పరిస్థితి రావచ్చు. ఈ తేడా పట్టుకుంటే ఏ మాట రాయించుకోవాలో, ఏ కాగితం మీద సంతకం పెట్టేముందు ఆగాలో తెలిసిపోతుంది.

ముందు కాపీరైట్ సంగతి చూద్దాం. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రచనకు తొలి యజమాని రచయితే. రాయడంతోనే హక్కు పుడుతుంది, రచయిత జీవితకాలమంతా, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ చేయించుకుంటే అదొక సాక్ష్యంగా పనికొస్తుంది, చేయించుకోకపోతే హక్కు లేదనడానికి లేదు. తన చిరునామాకే రిజిస్టర్డ్ పోస్టు చేసుకుని కవరు విప్పకుండా బీరువాలో దాచుకునే పాత అలవాటుకు చట్టంలో ప్రత్యేకమైన విలువేమీ లేదు. అంతకంటే ఎడిటర్‌కు పంపిన ఈమెయిల్ మీదున్న తేదీ మేలు. ఈ హక్కు మరొకరి చేతికి వెళ్లాలంటే 19వ సెక్షన్ గట్టి షరతు పెట్టింది. బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, దానిమీద రచయితో, ఆయన అధికారమిచ్చిన ప్రతినిధో సంతకం చేయాలి. ఏ రచన, ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, ఎంత సొమ్ముకు అన్నది అందులో రాయాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లే అనుకోవాలి. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వాడుకోకపోతే, పత్రంలో వేరే మాట లేనంతవరకు, ఆ బదిలీకి కాలం చెల్లినట్టే. రాయకుండా వదిలేసిన ప్రతి మాటా రచయితకే కలిసొచ్చేలా ఈ సెక్షన్‌ను కూర్చారన్నమాట.

తెలుగు పత్రికలకు కథ పంపే ప్రతివారికీ తెలిసిన కాగితం హామీపత్రం. ఇది నా సొంత రచన, దేనికీ అనుసరణ కాదు, మరెక్కడా అచ్చు కాలేదు, ఇంకెవరి పరిశీలనలోనూ లేదు అని కింద సంతకం పెట్టి పంపుతాం. దీంతో కథ మీద హక్కంతా పత్రికకు వెళ్లిపోయిందని చాలామంది అనుకుంటారు, కథల సంపుటి వేసేటప్పుడు పత్రిక అనుమతి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. అందులోని మాటలు మరోసారి చదవండి. కథ మీదేనని మీరిచ్చిన హామీయే తప్ప దాన్ని ఇచ్చేస్తున్నానన్న మాట అందులో లేకపోతే కాపీరైట్ మీ దగ్గరే ఉంది. ప్రచురణకు పంపడమంటే వేసుకోమని అనుమతి ఇచ్చినట్టే, అంతవరకే. పోటీ ప్రకటనల అడుగున చిన్న అక్షరాల్లో ‘బహుమతి పొందిన కథలపై సర్వహక్కులు పత్రికవే’ అని వేస్తుంటారు. మీ సంతకం లేని ఆ ఒక్క వాక్యంతో 19వ సెక్షన్ కోరే బదిలీ జరిగిపోయిందనడం కష్టం. అదే వాక్యం మీరు సంతకం చేసిన ఎంట్రీ ఫారంలోనో, పారితోషికం అందిందని రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టే వోచరులోనో ఉంటే కథ మారుతుంది. వోచరు మీద అంకె చూసి సంతకం పెట్టేస్తాం, అంకె కింద ఏముందో చూడం. చూడాల్సింది అక్కడే. ఆన్‌లైన్‌లో ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కడం సంతకంతో సమానమా కాదా అన్నది లాయర్లు వాదించుకోగల విషయం. సమానమేననుకుని నొక్కేముందు చదవడం క్షేమం.

పొరపాటున సంతకం పెట్టినా అంతా పోయినట్టు కాదు. 2012లో చేసిన సవరణ ప్రకారం, ఒప్పందం నాటికి లేని, లేదా వ్యాపారపరంగా వాడుకలోకి రాని కొత్త మాధ్యమానికి ఆ బదిలీ వర్తించాలంటే ఆ మాధ్యమాన్ని పేరుపెట్టి పత్రంలో చెప్పి ఉండాలి. అదే సవరణ సినిమాకు రాసేవారికి మరో రక్ష కల్పించింది. థియేటర్లలో ప్రదర్శన పక్కన పెడితే, మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో రచయితకున్న సమాన వాటాను కాగితం మీద వదిలేసుకున్నా అది చెల్లదు. వీటన్నిటికంటే మొండిది 57వ సెక్షన్. కాపీరైట్ మొత్తం అమ్మేసుకున్నా సరే, ఇది నేను రాసిందని చెప్పుకునే హక్కు, రచనను తన ప్రతిష్ఠ దెబ్బతినేలా వక్రీకరిస్తే ఆపించే హక్కు రచయితకు మిగిలే ఉంటాయి. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన నవల ‘ఆప్ కా బంటీ’ని సినిమాగా తీస్తూ మార్చేసిన తీరు మీద కోర్టుకెక్కినప్పుడు, ఈ హక్కు సినిమాగా మారిన రచనకూ వర్తిస్తుందని 1986లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఎడిటర్ నిడివి తగ్గించడమో, శీర్షిక మార్చడమో ఈ కోవలోకి రావు. మీ వ్యాసంలోని వాదనను తలకిందులు చేసి మీ పేరుతోనే వేస్తే వస్తుంది. ఇక ఇతరుల పేరుతో రాసిపెట్టే ఘోస్ట్ రైటర్ల మాట. పేరు అక్కర్లేదని స్పష్టంగా రాసిస్తే ఆ మాటను కోర్టులు మన్నించిన సందర్భాలున్నాయి. పేరు వదులుకోవడానికి కూడా ఒక ధర ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా లెక్కగట్టి అడగండి.

ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. ఉద్యోగంలో భాగంగా రాసిన దానికి సాధారణంగా యజమానే తొలి హక్కుదారు. ఇక్కడా చట్టం పత్రికా ఉద్యోగులను కొంత విడిగా చూసింది. నియామకపత్రంలో వేరే షరతు లేకపోతే, ఉద్యోగి రాసిన వ్యాసం మీద యాజమాన్యానికి దక్కేది పత్రికల్లో ప్రచురించుకునే హక్కే, పుస్తకంగా వేసుకోవడం వంటి మిగతావి రాసినవారివే. మరి నెలకింత అని తీసుకుంటూ, చెప్పిన వేళకు ఆఫీసుకు వెళ్తూ, పేరుకు ‘కన్సల్టెంట్’గా ఉండే కంటెంట్ రైటర్ ఉద్యోగా, ఫ్రీలాన్సరా? కాగితం మీది పేరును బట్టి కోర్టులు దీన్ని తేల్చవు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో, కుట్టిన బట్టకింత అని తీసుకునే దర్జీలు కూడా ఉద్యోగులేనని 1973లో తీర్పు వచ్చింది. పనిమీద అజమాయిషీ ఎవరిది, యంత్రాలెవరివి, బాగా కుట్టకపోతే తిప్పికొట్టే అధికారం ఎవరిది అని చూశారు. మరోవైపు మలయాళ మనోరమకు ‘బోబనుమ్ మోలియుమ్’ కార్టూన్లు గీసిన వి.టి. థామస్ ఉద్యోగం వదిలి వెళ్లినప్పుడు, ఆ పాత్రలను వేరేచోట గీయకుండా ఆపలేమని 1988లో కేరళ హైకోర్టు చెప్పింది. ఉద్యోగంలో చేరకముందే ఆయన సృష్టించిన పాత్రలవి. పత్రికను వదిలిన కాలమిస్టు, కార్టూనిస్టు ఈ తీర్పును గుర్తుంచుకోవాలి.

హక్కు సంగతి ఇలా ఉంటే డబ్బు సంగతి పూర్తిగా వేరు. నోటిమాట కూడా ఒప్పందమే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం దాన్ని కాదనదు. కానీ అలాంటి మాట జరిగిందని రుజువు చేయాల్సింది బాకీ అడిగేవారే. ఇక్కడ ఎక్కువమంది కలగాపులగం చేసే విషయం ఒకటుంది. మీరంతట మీరు పరిశీలన కోసం పంపిన రచనను వేసుకునేదాకా పత్రికకు ఏ బాధ్యతా లేదు. మూడు నెలలు, ఆరు నెలలు పరిశీలనలో ఉంచి తిప్పి పంపినా అడగలేం. వాళ్లు అడిగితే రాసింది వేరు. ఫలానా అంశం మీద ఇన్ని పేజీలు ఫలానా తేదీకి కావాలని అడిగి, మీరు అలాగే ఇచ్చాక, చోటు లేక వేయలేదు కాబట్టి డబ్బులివ్వం అంటే కుదరదు. పని జరిగింది, ధర పడింది. ఎంతిస్తామో ముందు చెప్పకుండా రాయించుకుని వాడుకున్నా కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కింద న్యాయమైన ప్రతిఫలం అడగవచ్చు. ఊరికే చేసిపెట్టే ఉద్దేశం లేకుండా చేసిన పనితో లాభపడినవారు దానికి పరిహారం ఇవ్వాలన్నది ఆ సెక్షన్ సారం. కానీ ఆ లాభం వాళ్లు పొందారని చూపించాలి. అచ్చు వేయకుండా పక్కన పడేసిన రచన విషయంలో ఆ వాదన బలహీనపడుతుంది. అందుకే ‘ప్రచురించాక ఇస్తాం’ అన్న మామూలు మాట ప్రమాదకరం. వాళ్లు ఎప్పటికీ వేయకపోతే గడువు ఎప్పటికీ రాదు.

న్యూయార్క్ నగరంలో 2017 నుంచి 800 డాలర్లు, ఆపైన విలువ చేసే ఫ్రీలాన్స్ పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాల్సిందేనని చట్టం తెచ్చారు. అక్కడ ఫ్రీలాన్స్‌గా రాస్తున్న తెలుగువారు దాన్ని వాడుకోవచ్చు. మనకు అలాంటిది లేదు కాబట్టి కాగితం మనమే పుట్టించుకోవాలి. అదేమంత పెద్ద పనీ కాదు. ఫోన్‌లో మాట కుదిరాక ఎడిటర్‌కు వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో ఇలా పంపితే చాలు: ‘నమస్తే అండీ. ఇందాక అనుకున్నట్టు ఫలానా అంశం మీద 1,200 పదాల వ్యాసం 15వ తేదీకి ఇస్తాను. పారితోషికం 4,000 రూపాయలు. ప్రచురించినా లేకపోయినా, వ్యాసం అందిన 30 రోజుల్లో చెల్లిస్తారు. మీ పత్రికలో, మీ ఈ-పేపర్‌లో ఒకసారి వేసుకోవడానికి ఈ అనుమతి. సరేనని ఒక మాట రాయగలరు.’ అవతలి నుంచి ‘సరే’ వచ్చిందంటే పని, ధర, గడువు, వాడుకునే హద్దు అన్నీ కుదిరినట్టే. ఈమెయిళ్ల మీద కుదిరిన బేరం కూడా కట్టుబడాల్సిన ఒప్పందమేనని 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జవాబు రాకపోయినా ఆ సందేశం తర్వాత వాళ్లు రచన తీసుకుని వేసుకున్నారంటే అదీ మీకు బలమే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి డిజిటల్ సాక్ష్యానికి ధ్రువీకరణ జతచేయాలి. ఫోను మార్చినప్పుడు పాత చాట్ పోగొట్టుకోకండి, స్క్రీన్‌షాట్ ఉంది కదా అని అసలును చెరిపేయకండి. అన్నట్టు, చాలా సంస్థలు బిల్లు పద్దు రాసుకునేటప్పుడే టీడీఎస్ కోసేస్తాయి. సొమ్ము చేతికి రాకుండానే మీ పాన్ ఖాతాలో ఆ పద్దు కనిపిస్తే అది మీకు పనికొచ్చే సాక్ష్యం. దాన్ని కూడా దింపుకుని పెట్టుకోండి.

ఫ్రీలాన్స్ రచయితల్లో చాలామంది వైపు చూడని చట్టం మరొకటుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం. ఒంటరిగా బల్ల ముందు కూర్చుని రాసుకునే మనిషిని సూక్ష్మ సంస్థ అంటే నవ్వొస్తుంది, కానీ సేవలందించేవారు కూడా దీని కిందికి వస్తారు. ఆధార్, పాన్‌లతో ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది దళారీదని అర్థం. నమోదయ్యాక మీకు పని ఇచ్చినవారు ఒప్పుకున్న గడువులోగా చెల్లించాలి, ఎంత ఒప్పుకున్నా ఆ గడువు 45 రోజులు దాటకూడదు. గడువే అనుకోకపోతే 15 రోజులు. ‘మా పద్ధతి 90 రోజులండీ’ అనే అకౌంట్స్ సెక్షన్ మాట ఇక్కడ చెల్లదు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన పడుతుంది. బ్యాంకు రేటు 6 శాతం ఉందనుకుంటే వడ్డీ 18 శాతం. ఫిర్యాదు మీ రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే చేసుకోవచ్చు, బాకీదారు ముంబైలో ఉన్నా సరే. కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది, వాస్తవంలో అంతకంటే ఎక్కువే పడుతుంది. అయినా తీర్పును సవాలు చేయాలంటే అందులో 75 శాతం ముందే జమ చేయాలన్న నిబంధన ఉంది కాబట్టి సాగదీయడం అవతలివారికి గిట్టుబాటు కాదు. పైగా 2024-25 మదింపు సంవత్సరం నుంచి, ఇలాంటి చిన్న సంస్థలకు గడువు దాటి బాకీ పెట్టిన సొమ్మును చెల్లించిన ఏడాదిలోనే ఖర్చు కింద చూపించుకోవాలి. మార్చి నెలలో మీ బిల్లు మీద ఉద్యమ్ నంబరు కనిపిస్తే ఆడిటరే మిమ్మల్ని గుర్తుచేస్తాడు. ఒక హెచ్చరిక: నమోదుకు ముందు చేసిన పనికి ఈ రక్షణ దక్కదని 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ మాట మీద తర్వాత చర్చ మళ్లీ లేచినా, బాకీ పడ్డాక పరుగెత్తడం కంటే ఇప్పుడే నమోదు కావడం తెలివైన పని.

‘నాలుగు వేల రూపాయలకు కోర్టుకెక్కుతారా?’ అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, లాయరు ఫీజే అంతకు మించుతుంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటే అక్కడ మీరు సేవ కొన్నవారు కాదు, అమ్మినవారు. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే ఇది సివిల్ తగాదా అంటారు, మొదటి నుంచీ మోసగించే ఉద్దేశమే ఉందని చూపించగలిగితే తప్ప వాళ్లనడంలో తప్పూ లేదు. చిన్న మొత్తాలకు సరిపోయే దారి జిల్లా న్యాయసేవాధికార సంస్థ. కేసు వేయకముందే అక్కడ దరఖాస్తు పెడితే అవతలి పక్షాన్ని పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నిస్తారు. కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ, దానిమీద అప్పీలు లేదు. కుదరకపోతే మాత్రం అక్కడ మీకు దక్కేదేమీ లేదు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే అది సాగుతుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. 15100కు ఫోన్ చేసి వివరాలు కనుక్కోవచ్చు. చెక్కు ఇచ్చి అది బౌన్సయితే దారి మరింత సూటిగా ఉంటుంది: బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు, వాళ్లకు 15 రోజుల వ్యవధి, ఆపై నెలలోగా ఫిర్యాదు. కాపీరైట్ ఉల్లంఘన మీద దావా అయితే మీరుండే జిల్లా కోర్టులోనే వేసుకునే వీలును 62వ సెక్షన్ ఇచ్చింది, కరీంనగర్ రచయిత ఢిల్లీ తిరగనక్కర్లేదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. గట్టిగా అడిగితే రేపు పని ఇవ్వరు. తెలుగులో పారితోషికమిచ్చే పత్రికలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, ఎడిటర్లంతా ఒకరికొకరు తెలిసినవారు. ఈ భయానికి చట్టం దగ్గర మందు లేదు, ఫలానా రచయితకు పని ఇవ్వండని ఏ కోర్టూ ఆదేశించదు. అయితే పని ఒప్పుకునేటప్పుడు మర్యాదగా రాసిన నాలుగు వాక్యాలకూ, ఏడాది తర్వాత పంపే లాయరు నోటీసుకూ చాలా తేడా ఉంది. సంబంధాలు చెడేది రెండోదానితో. మొదటిదాన్ని చాలామంది ఎడిటర్లు స్వాగతిస్తారు కూడా, ఎందుకంటే వాళ్లూ అకౌంట్స్ సెక్షన్‌కు ఏదో ఒక కాగితం చూపించాలి. వీలైనచోట మూడో వంతు అడ్వాన్సు అడగడం ఇంకా మంచిది. మొదటిసారి పని ఇచ్చేవారి దగ్గర, విదేశాల్లో ఉన్నవారి దగ్గర అడ్వాన్సు లేకుండా మొదలుపెట్టకపోవడమే మేలు. ఇంత చేసినా సొమ్ము ఆగిందనుకోండి, ఆ పత్రికకు ఇంకా రాస్తూనే ఉన్నారు కాబట్టి అప్పుడే తగవు పెట్టుకోవడం ఇష్టం లేదనుకోండి, వెంటనే దావా వేయనక్కర్లేదు. చెల్లింపు తేదీ అనుకోని పనికి పని పూర్తయిన రోజు నుంచి, అనుకున్నదానికి ఆ తేదీ దాటినప్పటి నుంచి మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. ఆ మూడేళ్లు నిండకముందే ‘మీ బాకీ ఇంత ఉంది, ఇస్తాం’ అని అవతలివారు తమ పేరుతో రాతపూర్వకంగా ఒప్పుకుంటే లెక్క ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. కాబట్టి ఏడాదికోసారి, వీలైతే ఆర్థిక సంవత్సరం చివర్లో, రావాల్సిన బిల్లుల పట్టీ ఒకటి పంపి, సరిచూసి ఖాయం చేయమని అకౌంట్స్ సెక్షన్‌ను ఈమెయిల్‌లో అడుగుతూ ఉండండి.